ఎవరి యింటి ఎదుట వారు



మన ఆసుపత్రి ఓ.పి. గది బయట ఉన్న సలహాల పెట్టెను నెలకొకసారి తెరుస్తాము. అందులో తరచుగా కనబడే ఫిర్యాదు మందుల గురించి కాదు, బిల్లు గురించి కూడా కాదు. "వెనుకటి మిషన్ దవాఖాన వేరు, ఇప్పటిది వేరు. అప్పటి దొరసానులు, సిస్టరమ్మలు ప్రేమతో చూసేవారు. ఇప్పుడు అందరూ జీతం కోసమే చేస్తున్నారు" అన్నదే ఆ ఫిర్యాదు. ఆదివారం ఆరాధన ముగిశాక గుడి ఆవరణలో కూడా ఈ మాట వింటుంటాము. సిబ్బంది భోజనాల గదిలో కూర్చుంటే మాత్రం మరొక మాట వినబడుతుంది. "సేవ, సేవ అంటారు. సేవ చేసేవాళ్ళకు ఇంటి కిరాయి ఉండదా? పిల్లల ఫీజులు ఉండవా?"

ఈ రెండు మాటల్లోనూ నిజమున్నది. అందుచేత ఈసారి రోగము గురించి కాక పని గురించి వ్రాస్తున్నాము. పని సరిగా జరగని చోట మంచి మందు కూడా పనిచేయదు గనుక ఇది కూడా ఆరోగ్య విషయమే. జీతమిచ్చే సంస్థలో మనిషి మనసు పెట్టి పనిచేయాలంటే ఏమి కావాలి? భయమా, డబ్బా, భక్తా? మా అభిప్రాయము చెప్పే ముందు మన జిల్లాలోని ఒక ఊరికి వెళ్ళి వద్దాము.

ఇబ్రహీంపూర్‌లో ఇంకుడు గుంతలు

సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ పేరు మీలో చాలామంది విన్నదే. సిద్దిపేట ఇంకా మెదక్ జిల్లాలో భాగంగా ఉన్న రోజుల నుంచే పారిశుద్ధ్యం విషయంలో ఆ ఊరి పేరు వినబడుతూ వచ్చింది. అప్పటి మంత్రి టి. హరీశ్‌రావు ఆ గ్రామాన్ని దత్తత తీసుకున్నారు. ఉపాధి హామీ పథకం తోడ్పాటుతో ఇంటింటికీ ఇంకుడు గుంత తవ్వుకున్నారు. పొలాల్లో వాన నీరు నిలిచి భూమిలోకి దిగేటట్లు కందకాలు తవ్వుకున్నారు. మరుగుదొడ్డి లేని ఇల్లు ఉండకూడదని పట్టుబట్టారు. ఇతర ఊళ్ళ వారు వచ్చి చూసి వెళ్ళే గ్రామమయింది.

ఇంకుడు గుంతలో గొప్ప యంత్రమేదీ లేదు. ఇంటి పక్కన లోతుగా గొయ్యి తవ్వి, అడుగున పెద్ద రాళ్ళు, పైన చిన్న రాళ్ళు, కంకర నింపుతారు. వంట పాత్రలు కడిగిన నీరు, స్నానాల నీరు గొట్టం గుండా అందులోకి పోయి నెమ్మదిగా నేలలోకి ఇంకుతుంది. వాకిట్లో మురుగు నిలవదు. మురుగు నిలవకపోతే క్యూలెక్స్ దోమ గుడ్లు పెట్టే చోటు తగ్గుతుంది. బోదకాలు తెచ్చేది ఆ దోమే. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ మాత్రం మంచి నీటిలో పెరుగుతుంది గనుక తొట్లు, కూలర్లు, పాత టైర్లు వారానికొకసారి ఖాళీ చేసి ఆరబెట్టవలసిందే. మరుగుదొడ్డి నీరు ఇంకుడు గుంతలోకి వదలకూడదన్నది కూడా మరువవద్దు.

గుంత తవ్వడం ఒక రోజు పని. దానిని కాపాడడం ఏళ్ళ తరబడి చేయవలసిన పని. గొట్టం మూతి దగ్గర మెతుకులు, వెంట్రుకలు, సబ్బు జిడ్డు పేరుకుంటాయి. వాటిని ఎవరో ఒకరు చేతితో తీయాలి. తీయకపోతే కొన్ని నెలల్లో గుంత పూడిపోయి మళ్ళీ మురుగు బయటికి వస్తుంది. ఆ పనికి కూలి లేదు, ఫోటో లేదు, శాలువా కప్పడం లేదు. అయినా ఇంటి వారు ఎందుకు చేస్తారు? గుంత వారి గడప ముందే ఉన్నది గనుక. ఈ రోజు బద్ధకిస్తే ఎల్లుండి వాసన వచ్చేది వారి ఇంట్లోకే గనుక. దోమ కుట్టేది వారి బిడ్డనే గనుక. తాము చేసిన పనికీ, దాని ఫలితానికీ మధ్య ఉన్న దూరము నాలుగడుగులే.

అదే ఊరు చెప్పిన రెండవ పాఠము

2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయిన తరువాత, డిసెంబరులో ఇబ్రహీంపూర్ మరొకసారి వార్తల్లోకి వచ్చింది. తెలంగాణలో మొట్టమొదటి నగదు రహిత గ్రామమని ప్రకటించారు. బ్యాంకు కార్డులు ఇచ్చారు. చదువు రాని వారికి కూడా కార్డు వాడడం నేర్పించారు. కిరాణా దుకాణాల్లో కార్డు గీకే యంత్రాలు పెట్టారు. అదే ఊరు, అదే జనము, అదే ఉత్సాహము.

అయితే తరువాతి కాలంలో జనము మళ్ళీ నోట్ల వైపే మళ్ళారని పత్రికలు వ్రాశాయి. యంత్రానికి నెలనెలా బ్యాంకుకు కిరాయి కట్టవలసి రావడం చిన్న దుకాణదారులకు భారమయిందని ఆ వార్తల సారాంశము. ఐదు రూపాయల సబ్బు బిళ్ళ, పది రూపాయల చాయ్‌పత్తా పొట్లం అమ్మే వారి లాభములో నుంచి ఆ కిరాయి పోవాలి. పేరు ఊరందరిది, ఖర్చు కొట్టువాడిది. ఎంత మంచి పనైనా ఆ విధంగా ఎన్నాళ్ళు సాగుతుంది?

ఆ ఊరి వారిని తప్పు పట్టడానికి దీనిని చెప్పడం లేదు. ఒకే ఊరి జనము ఒక పనిని నిలబెట్టుకున్నారు, మరొక దానిని వదులుకున్నారు. మనుషులు మారలేదు. కాబట్టి తేడా వారి సోమరితనములోనో, శ్రద్ధలోనో లేదు. ఒక పనిలో ఫలము కళ్ళెదుట కనబడింది. మరొక పనిలో బరువు అందరికంటె చిన్నవాడి భుజము మీద పడింది. సంస్థలు నడిపే వారు, మా ఆసుపత్రితో సహా, దీనిని బాగా ఆలోచించాలని మా మనవి.

నెహెమ్యా గోడ కట్టిన విధము

సంఘ కుటుంబములకు ఇది కొత్త సంగతి కాదు. నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము చదివేటప్పుడు పేర్ల పట్టిక అని మనము త్వరగా దాటిపోతాము. ఈసారి మెల్లగా చదవండి. యెరూషలేము గోడ కూలి ఉన్నప్పుడు పని పంచిన తీరు అందులో ఉన్నది. ప్రధాన యాజకుడు గొర్రెల గుమ్మము దగ్గర పని మొదలుపెట్టాడు. బంగారపు పనివాడు, సుగంధ ద్రవ్యములు చేసేవాడు రాళ్ళు మోశారు. షల్లూము తన కుమార్తెలతో కలిసి గోడ బాగుచేశాడు. ఒక ప్రదేశానికి అధిపతియైన మల్కీయా అందరికంటె నీచమని తోచే పెంట గుమ్మమును బాగుచేశాడు. పలువురికి ఇచ్చిన భాగము ఎక్కడిది? వారి వారి ఇండ్ల ఎదుటిది. తన ఇంటి ఎదుట గోడ బలహీనంగా ఉంటే శత్రువు వచ్చేది తన ఇంటికే అని ప్రతివాడికీ తెలుసు. కాపలాకు ఎవరినీ పెట్టనక్కరలేదు.

తెకోవ ఊరి పెద్దలు మాత్రం పనికి మెడ వంచలేదని కూడా ఆ అధ్యాయములోనే వ్రాసి ఉన్నది. పని తప్పించుకునే పెద్దలు అప్పుడూ ఉన్నారు!

నాలుగవ అధ్యాయములో బరువులు మోసేవారి బలము తగ్గిపోయిందనీ, చెత్త ఎక్కువగా ఉన్నదనీ ఫిర్యాదు వచ్చింది. ఐదవ అధ్యాయములో దానికంటె పెద్ద కేక లేచింది. గోడ కట్టే పేదల పొలాలు తాకట్టులో ఉన్నాయి, పిల్లలు దాసులవుతున్నారు, అప్పులిచ్చినవారు తోటి యూదులే. నెహెమ్యా "దేవుని పని జరుగుతుండగా జీతాల మాట ఏమిటి" అనలేదు. పెద్దలను సమాజములో నిలబెట్టి, పొలాలు తిరిగి ఇప్పించాడు. అధిపతికి రావలసిన భత్యాన్ని తాను పన్నెండేళ్ళు తీసుకోలేదు. తాను కూడా గోడ పనిలో నిలిచాడు. ఆ తరువాతే ఆరవ అధ్యాయములో యాబది రెండు దినములలో గోడ పూర్తయిందని చదువుతాము. ఐదవ అధ్యాయము లేకుండా ఆరవ అధ్యాయము రాదు.

మందలింపు ఎంత దూరము పనిచేస్తుంది?

ఇప్పుడు ఆసుపత్రిలోకి వద్దాము. ఆసుపత్రిలో అన్నిటికంటె చిన్న పని, అన్నిటికంటె పెద్ద పని ఒకటే: చేతులు కడుక్కోవడము.

1847లో వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు ఒక విషయము కనిపెట్టాడు. శవ పరీక్ష చేసిన చేతులతోనే విద్యార్థులు కాన్పుల వార్డులోకి వచ్చి తల్లులను పరీక్షిస్తున్నారు. ఆ వార్డులో ఆ ఏడు ఏప్రిల్‌లో నూటికి 18 మంది తల్లులు బాలింత జ్వరముతో చనిపోయారు. క్లోరిన్ సున్నపు నీటితో చేతులు కడుక్కోవాలని ఆయన కట్టడి చేశాక కొద్ది నెలల్లోనే అది నూటికి ఇద్దరి దాకా దిగింది. ఇంతకంటె గట్టి రుజువు ఏమి కావాలి? అయినా తోటి డాక్టర్లు చాలామంది వినలేదు. తమ చేతులే తల్లులను చంపాయన్న మాట వారికి అవమానంగా తోచింది. ఆయన తరువాతి కాలములో వారిని హంతకులని బహిరంగ లేఖల్లో దూషించాడు. ఆయన చెప్పింది నిజమే, కానీ ఆ దూషణ వల్ల ఎవరి చేతులూ శుభ్రపడలేదు. 1865లో మానసిక రోగుల ఆసుపత్రిలో ఆయన మరణించాడు.

దీని పక్కన ఇటీవలి సంగతి ఒకటి పెట్టి చూడండి. ఆడమ్ గ్రాంట్, డేవిడ్ హాఫ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని ఒక ఆసుపత్రిలో చేతులు కడుక్కునే చోట రెండు రకాల బోర్డులు పెట్టి చూశారు. చేతి శుభ్రత మీకు రోగాలు రాకుండా కాపాడుతుందని ఒకటి, చేతి శుభ్రత రోగులకు రోగాలు రాకుండా కాపాడుతుందని ఇంకొకటి. రెండింటికీ తేడా ఒక్క మాటే. మొదటి బోర్డు వల్ల పెద్దగా మార్పు రాలేదు. రెండవ బోర్డు పెట్టిన చోట వాడకము స్పష్టంగా పెరిగింది. 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. వైద్య సిబ్బంది తమ ప్రాణము మీద భయముతో కంటే ఎదుటివాడి ప్రాణము గుర్తుకు వచ్చినప్పుడే ఎక్కువగా కదిలారు.

ఇది చదివినప్పుడు మాకు సిగ్గు కలిగింది. మా వార్డుల్లో కూడా చేతులు కడుక్కోవాలన్న బోర్డు ఏళ్ళ తరబడి ఉన్నది. అందులో ఆజ్ఞ ఉన్నది గానీ, రోగి లేడు.

జీతము, పరిశుభ్రత

ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన తోటివారితో కలిసి సుమారు 200 మంది ఇంజనీర్లను, లెక్కల ఉద్యోగులను కలిసి రెండు ప్రశ్నలు అడిగాడు. పనిలో మీకు ఎప్పుడు చాలా సంతోషము కలిగింది? ఎప్పుడు చాలా విసుగు కలిగింది? ఆ జవాబులతో 1959లో పుస్తకము వచ్చింది. విసుగు కలిగించినవి తక్కువ జీతము, న్యాయము లేని నియమాలు, చీటికి మాటికి తప్పులు పట్టే పై అధికారి, పనిచేసే చోట ఇబ్బందులు. సంతోషము కలిగించినవి మాత్రం వేరు: చేసిన పని నెరవేరడము, నలుగురు గుర్తించడము, బాధ్యత అప్పగించడము, పనిలోనే ఉన్న అర్థము.

మొదటి రకానికి ఆయన పెట్టిన పేరు మన పత్రికకు దగ్గరైనది. వాటిని ఆయన పరిశుభ్రత అంశములు అన్నాడు. మురుగు తీసేస్తే రోగము రాకుండా ఆగుతుంది. కానీ మురుగు తీసినంత మాత్రాన మనిషికి బలము రాదు. దానికి తిండి కావాలి. అలాగే సరైన జీతము ఇస్తే అసంతృప్తి అనే రోగము ఆగుతుంది. కానీ జీతము ఒక్కటే మనసు పెట్టి పనిచేయించలేదు. ఆయన తీర్మానాన్ని ఒప్పుకోని పండితులు కూడా ఉన్నారు. అయినా మా అనుభవములో ఈ మాట సరిగానే ఉన్నది. ముందు మురుగు తీయాలి, తరువాత అన్నము పెట్టాలి. ఒకటి చేసి రెండవది మానితే కుదరదు.

పనిలో అర్థము పెద్ద చదువులున్న వారికే కనబడుతుందని అనుకోవద్దు. ఏమీ రెజెస్నీవ్‌స్కీ, జేన్ డటన్ అనే ఇద్దరు అధ్యాపకురాళ్ళు అమెరికాలో ఆసుపత్రి ఊడ్చి తుడిచే వారితో మాట్లాడి 2001లో వ్రాశారు. అదే పని చేస్తున్నా కొందరు తమ పని నేల తుడవడము మాత్రమే అన్నారు. మరికొందరు తాము కూడా రోగికి నయము చేసేవారిలో ఒకరమని అన్నారు. ఆ రెండవ రకము వారు రోగులతో మాట్లాడేవారు, దారి తెలియని బంధువులకు దారి చూపేవారు, వార్డులో ఎవరికి ఏమి కావాలో గమనించేవారు. ఆ పని వారి డ్యూటీ కాగితములో ఎక్కడా లేదు.

మన దగ్గర కూడా అటువంటివారు ఉన్నారు. ఒక రాత్రి వార్డు తుడుస్తున్న మా ఆయమ్మ ఒక షుగరు రోగి మంచము దగ్గర ఆగింది. సాయంత్రము పెట్టిన అన్నము పళ్ళెములో అలాగే ఉన్నది. పెద్దాయనకు చెమటలు పడుతున్నాయి, పిలిస్తే తడబడి పలుకుతున్నాడు. ఆమె చీపురు అక్కడే వదిలి "సిస్టరమ్మా, ఈ తాత ఇన్సులిన్ తీసుకొని అన్నం తినలే" అని పిలుచుకు వచ్చింది. పరీక్ష చేస్తే చక్కెర బాగా పడిపోయి ఉన్నది. వెంటనే గ్లూకోజు ఎక్కించారు, ఆయన తేరుకున్నారు. ఉదయము రౌండ్సులో డాక్టరుగారికి నర్సు చెప్పింది, కేసు కాగితములో వ్రాసుకున్నారు. ఆయమ్మ పేరు ఆ కాగితములో లేదు. ఆ ముసలాయన కుటుంబము డాక్టరుగారికి దండము పెట్టి వెళ్ళింది. ఆయమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. మేము కూడా చెప్పలేదు. ఈ సంగతి మాకు తెలిసింది చాలా రోజుల తరువాత. ఆ తప్పు మాదే.

(ఇన్సులిన్ తీసుకునేవారు భోజనము మానకూడదు. చెమట, వణుకు, మాట తడబడడము కనబడితే, మింగగలిగిన స్థితిలో ఉంటే వెంటనే చక్కెర నీళ్ళు తాగించి ఆసుపత్రికి రండి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు.)

సేవ అనే మాట వెనుక

ఇక చెప్పడానికి కొంచెము కష్టమైన మాట. మిషన్ సంస్థల్లో సేవ, పరిచర్య అనే మాటలు పవిత్రమైనవి. అందుకే వాటిని జాగ్రత్తగా వాడాలి. ఇవ్వవలసిన జీతము ఇవ్వలేనప్పుడు, ఉండవలసినంత మంది నర్సులు లేనప్పుడు, ఒకరిచేత రెండు డ్యూటీలు చేయించినప్పుడు "ఇది సేవ కదమ్మా" అనడము చాలా సులభము. ఆ మాట దేవుని పేరు మీద అప్పు చేయడమే అవుతుంది.

ఆశా కార్యకర్తలను చూడండి. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆ వ్యవస్థ వచ్చింది. కాన్పు నొప్పులు వచ్చిన ఆడబిడ్డను అర్ధరాత్రి ఆసుపత్రికి తెచ్చేది వారే. టీకాలకు ఇంటింటికీ తిరిగి పిలిచేది వారే. కరోనా కాలములో గడప గడపకు వెళ్ళి జ్వరాలు అడిగింది వారే. అయితే వారిని ఉద్యోగులని అనలేదు, స్వచ్ఛంద కార్యకర్తలన్నారు; జీతము కాక చేసిన పనిని బట్టి పారితోషికమన్నారు. 2015లో తెలంగాణ ఆశాలు నెలల తరబడి సమ్మె చేయవలసి వచ్చింది. 2022 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశపు ఆశాలకు గౌరవ పురస్కారము ప్రకటించింది. అందరమూ సంతోషించాము. కానీ పురస్కారముతో కిరాణా కొట్టు బాకీ తీరదు. గౌరవము కావాలి, కూలి కూడా కావాలి.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. మెదక్ మహా దేవాలయము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించబడిందని మనకందరికీ తెలుసు. కరువు కాలములో ఆకలితో ఉన్న జనానికి పని కల్పించి, ఆ పనికి తిండి పెట్టి, చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు ఆ గుడి కట్టించారని మన తాతలు చెప్పేవారు. దేవుని గుడే అయినా, రాయి మోసినవాడు ఆకలితో ఇంటికి పోలేదు.

కొలస్సయులకు వ్రాసిన పత్రిక మూడవ అధ్యాయము చివర, ఏమి చేసినా మనుషుల కోసమని కాక ప్రభువు కోసమని మనఃపూర్వకంగా చేయాలని పౌలు సేవకులకు చెప్పాడు. ఈ మాట మన సంస్థల గోడల మీద తరచుగా కనబడుతుంది. నాలుగవ అధ్యాయము మొదటి మాటలోనే, పరలోకములో మీకూ యజమానుడున్నాడు గనుక న్యాయమైనదే ఇవ్వండని ఆయన యజమానులకు చెప్పాడు. ఆ మాటను గోడ మీద వ్రాయించిన సంస్థను మేమింకా చూడలేదు. రెండు మాటలూ ఒకే చోటివి. వాటి మధ్య అధ్యాయము అంకె వేసింది తరువాతి వారు.

అయితే సోమరుల సంగతి?

ఇదంతా చదివి కొందరు అడగవచ్చు: "జీతము సరిగా ఇచ్చినా, ప్రేమగా చూసినా పని ఎగ్గొట్టేవారు లేరా?" ఉన్నారు. పనిచేయ నిష్టపడనివాని విషయములో పౌలు థెస్సలొనీకయులకు ఎంత కటువుగా వ్రాశాడో మనకు తెలుసు. పని ఎగ్గొట్టేవాడిని చూసీ చూడనట్లు వదిలేయడము ప్రేమ కాదు. అతని పని గాలిలో కలిసిపోదు, పక్కనున్న మంచి పనివాని మీద పడుతుంది. కొంతకాలానికి ఆ మంచివాడు కూడా "నేనొక్కడినే ఎందుకు చావాలి" అనుకుంటాడు. ఫలానా పాస్టరుగారి బంధువని, ఫలానా కమిటీ మెంబరు చెప్పాడని ఒకరిని దాచిపెడితే పదిమంది మనసు విరుగుతుంది. కాబట్టి క్రమశిక్షణ ఉండాలి. అది అందరికీ ఒకేలా ఉండాలి.

కానీ మందలించే ముందు ఒక ప్రశ్న వేసుకోవడము న్యాయము. ఈ మనిషి సోమరా, లేక బరువులు మోసి బలము తగ్గినవాడా? పై నుంచి చూస్తే ఇద్దరూ ఒకేలా కనబడతారు.

ఎవరి వంతు వారిది

యాజమాన్యముగా మా వంతు ముందు చెప్తాము. జీతము చెప్పిన తేదీకి ఇవ్వాలి. కూలివాని కూలి సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వాలని ధర్మశాస్త్రము చెప్పినదానికి ఇప్పటి అర్థము ఇదే. ఆలస్యమైతే ముందుగా కారణము చెప్పాలి. డ్యూటీలు అందరికీ సమానంగా వేయాలి. తప్పు జరిగినప్పుడు "ఎవరు చేశారు" అన్న ప్రశ్నకంటె "ఎలా జరిగింది" అన్న ప్రశ్న ముందు అడగాలి. లేకపోతే భయపడి దాచిన తప్పు మరొక రోగిని బలి తీసుకుంటుంది. నయమై ఇంటికి వెళ్ళినవారి కబురు వార్డులో అందరికీ, ఊడ్చేవారితో సహా, తెలియజేయాలి. ఇంకుడు గుంత గడప ముందుంటే ఇంటివారికి ఫలితము కనబడినట్లు, ఉతికే గదిలో, వంట గదిలో పనిచేసేవారికి కూడా తమ పని ఫలము కనబడాలి.

సిబ్బందికి మా మనవి. మీ హక్కు అడగండి, అడగడము అవిశ్వాసము కాదు. అయితే మన మీద మనకున్న కోపము మంచము మీదున్నవారి మీదికి పోకూడదు. వారు మన జీతము నిర్ణయించలేదు. మీ వార్డులో ఒక మంచాల వరుసను మీ ఇంటి ఎదుటి గోడ అనుకోండి.

రోగులకు, సంఘ కుటుంబములకు మా మనవి. మీరు చూసేవారు మాత్రమే కాదు, ఈ గోడలో మీ భాగము కూడా ఉన్నది. ఓ.పి. చీటీ వరుస తప్పించడానికి సంఘ పెద్దల చేత ఫోన్లు చేయించవద్దు. దానివల్ల తెల్లవారుజామున బస్సెక్కి వచ్చిన పేదవాడు వెనక్కి పోతాడు, చీటీ ఇచ్చే అమ్మాయి నిజాయితీకి విలువ లేకుండా పోతుంది. సంతోషముతోనైనా సరే ఎవరి చేతిలోనూ డబ్బు పెట్టవద్దు. ఈరోజు బహుమానంగా ఇచ్చింది రేపు ఇంకొకరికి మామూలు అవుతుంది. దానికి బదులు పేరు అడిగి తెలుసుకోండి. "మంచిగ చూసుకున్నవు బిడ్డా" అని ఒక మాట చెప్పండి, లేదా సలహాల పెట్టెలో పేరు వ్రాసి వేయండి. మీ మంచము దగ్గరికి వచ్చినవారిని "చేతులు కడుక్కున్నారా అమ్మా" అని మర్యాదగా అడగండి. ఎవరైనా కోపపడితే మాకు చెప్పండి.

మా వరకు మేము రెండు పనులు చేశాము. చేతులు కడుక్కునే చోట పాత బోర్డు తీసేసి, రోగిని గుర్తు చేసే బోర్డు పెట్టాము. ఉదయపు ప్రార్థన కూడికలో ఆ రాత్రి సంగతి అందరి ఎదుట చెప్పి, ఆయమ్మకు ఆలస్యంగానైనా కృతజ్ఞతలు తెలిపాము. ఆమె కొంచెము సిగ్గుపడి, "తాత ఇప్పుడు మంచిగున్నడా?" అని అడిగింది.

వెనుకటి దొరసానుల ప్రేమ ఎక్కడికి పోయిందని అడిగేవారికి మా జవాబు ఆ ప్రశ్నలోనే ఉన్నది. అది ఎక్కడికీ పోలేదు. దానిని చూడవలసిన కళ్ళు, దానికి ఇవ్వవలసిన న్యాయము మన వంతు. వచ్చే ఆదివారము ప్రార్థనలో డాక్టర్లతో పాటు ఊడ్చేవారిని, ఉతికేవారిని, వండేవారిని కూడా తలచుకోండి. రాత్రి కావలి కాసేవారిని మరువకండి.

ప్రభువు మన చేతి పనిని స్థిరపరచును గాక.